ఏడో నంబరు చొక్కా

పొద్దున్న నేను కాఫీ గ్లాసు పట్టుకుని అరుగు మీదకి వచ్చేసరికి మా మనవరాలు ఫోనులో ఏదో దేశపు ఆడవాళ్ళ బాస్కెట్‌బాల్ పెట్టుకుని కూర్చుంటుంది. ఆటే ఉద్యోగంగా ఉన్నవాళ్ళట. ఆట అయ్యాక ఒక పట్టిక వస్తుంది, దానికి ఆటకన్నా ఆ పట్టికంటేనే ఇష్టం. ఒక్కొక్క అమ్మాయి పేరు, ఆ పేరు పక్కన ఎన్ని నిమిషాలు ఆడింది, ఎన్నిసార్లు బంతి విసిరింది, ఎన్ని పడ్డాయి, పక్కవాళ్ళకి ఎన్నిసార్లు అందించి వేయించింది, ఎన్ని ఫౌల్స్ చేసింది, అన్నీ ఉంటాయి, అట్టడుగున జట్టు మొత్తం. మొన్న ఒక పేరు మీద వేలు పెట్టి, ఈమె రెండే నిమిషాలు ఆడిందమ్మమ్మా, అయినా చూడు ఎలా రాశారో అంది. చూసి సంతోషించాలి కదా. నిజం చెబుతున్నాను, ముక్కూ మొహం తెలియని ఆ పిల్ల మీద నాకు ఈర్ష్య పుట్టింది.

నా ఈడువాళ్ళకి చెబితే తెలుస్తుంది. మన్యంలో మా ఆడపిల్లల ఆశ్రమ పాఠశాలకి ఒక ఇనప రింగు, ఒక బంతి ఉండేవి. ఆడేవాళ్ళం ఎనిమిది మందిమి గానీ నంబర్లున్న చొక్కాలు మాత్రం అయిదే, నాలుగు నుంచి ఎనిమిది దాకా. పొద్దున్నే చోడి అంబలి, అదే రాగి అంబలి, తాగి, పొగమంచులో చెప్పుల్లేని కాళ్ళతో గులకరాళ్ళ మీద పరిగెత్తేవాళ్ళం. ఆట మధ్యలో ఎవరైనా బయటికి వస్తే, లోపల బడి చొక్కా ఎలాగూ ఉంటుంది కనుక, పైనున్న నంబరు చొక్కా విప్పి లోపలికి వెళ్ళేదానికి ఇచ్చేది. చలికాలంలో ఇంకొకరి చెమటతో తడిసిన చొక్కా తల మీంచి తొడుక్కుంటే వీపు జిల్లుమనేది. లెక్క రాసే మాస్టారి కాగితం మీద పేర్లుండేవి కావు, నంబర్లే. మాకు అందులో తప్పేమీ కనబడలేదు, చొక్కా అందరిదీ అయినప్పుడు నంబరు మాత్రం ఒకరిదెలా అవుతుంది?

ఏడో నంబరు నాదీ, మా అప్పదీ. అప్పంటే మా పెద్దమ్మ కూతురు, నాకన్నా ఏడాది పెద్దదైనా ఒకే తరగతి. ఆ చొక్కా సంగతి రాకముందే నాకు ఆమె మీద కుళ్ళు ఉండేదని ఇప్పుడు దాచడమెందుకు. నాకన్నా పొడుగు, జడ పొడుగు, వార్డెనమ్మ కూర వడ్డించేటప్పుడు గరిటె ఆమె దగ్గర ఒక్క క్షణం ఆగేదని నాకు అనుమానం. ఒక్క ఆటలో మాత్రం ఆమె నాకు సాటి కాదు. ఆ సంగతి ఆమెకీ తెలుసు.

పదో తరగతిలో అరకులో పెద్ద పోటీ పెట్టారు. విశాఖపట్నం నుంచి ఎంపిక చేసేవాళ్ళు వచ్చి షామియానా కింద కూర్చున్నారు. బాగా ఆడిన ఒక్క పిల్లని కింద పట్నంలో క్రీడల హాస్టలుకి తీసుకువెడతారని, చదువూ తిండీ బూట్లూ అన్నీ వాళ్ళవేనని ముందే చెప్పారు. బూట్లనే మాట విన్నాక మూడు రోజులు నాకు అన్నం సహించలేదు. ఆ రోజు ఆడినట్టు నేను మళ్ళీ ఎన్నడూ ఆడలేదు. ఆట ఇంకాసేపట్లో ముగుస్తుందనగా ఆయాసంతో ఒగురుస్తుంటే మా మాస్టారు నన్ను పిలిచి కూర్చోబెట్టారు. చొక్కా విప్పి అప్పకిచ్చాను. ఆమె వెళ్ళి ఒక్క బంతి రింగులో వేసింది, విజిల్ ఊదారు.

షామియానా కింద పెద్దాయన కాగితం చూసి, ఏడో నంబరు అమ్మాయి ఎవరు, రమ్మనండి అన్నారు. అందరూ అప్ప వైపు తిరిగారు. అప్ప మాత్రం అటు వెళ్ళకుండా ముందు నా దగ్గరికి వచ్చింది.

"నానేసింది ఒకటేనే. మిగతావన్నీ నువ్వేసినవే. ఎల్లి సార్‌కి సెప్పీస్తాను, నువ్వు కూడా రా."

"నాకేటొద్దు. నిన్ను పిలిసినారు, నువ్వెల్లు" అన్నాను.

ఎందుకన్నానో ఇన్నేళ్ళుగా తలపోస్తున్నాను. ఇంతసేపూ కళ్ళు పెట్టుకుని చూసినవాళ్ళకి, చెబితేగానీ నేను కనబడనా అని రోషం. తెలుసుకుని వాళ్ళే నా దగ్గరికి రావాలని బెంచి మీద బిగుసుకుని కూర్చున్నాను. ఎవరూ రాలేదు. వారం తిరక్కుండా అప్ప జీపెక్కి ఘాటు దిగిపోయింది.

ఆ తర్వాత నేను ఆమె మీద కళ్ళలో నిప్పులు పోసుకోని రోజు లేదు. ట్రాక్ సూటు వేసుకుని దిగిన ఫొటో పంపితే బియ్యం డబ్బా అడుగున పెట్టాను. రైల్వేలో ఆటల కోటాలో ఉద్యోగం వచ్చిందని ఉత్తరం వచ్చినప్పుడు, అప్పటికి ఆరోగ్య కేంద్రంలో కొత్తగా చేరిన నేను, పసిపిల్లల్ని తూకం వేస్తూ రోజంతా తల్లుల మీద కసురుకున్నాను. నా పాయింట్లు పట్టుకుని వెళ్ళి ఆమె మనిషైందని మా ఆయనకి చెప్పాను, కూతురికి చెప్పాను, మనవరాలికీ చెప్పాను. చెప్పిన ప్రతిసారీ ఆమె నా దగ్గరికి వచ్చి, సార్‌కి చెప్పేస్తాను రమ్మన్న ముక్క మాత్రం వదిలేశాను.

కిందటి వారం అప్ప పొద్దుటి రైలుకి వచ్చింది. మోకాళ్ళు అరిగిపోయాయి, మా ఇంటి మూడు మెట్లూ నా భుజం పట్టుకుని ఎక్కింది. టిఫిన్లయ్యాక మనవరాలు ఆ ఫోను పట్టిక ఆమెకీ చూపించి, ఉన్నట్టుండి, పెద్దమ్మమ్మా, ఆ రోజు పాయింట్లన్నీ మా అమ్మమ్మవేనట కదా, నువ్వెళ్ళిపోయావట కదా అని అడిగేసింది. ఒక్క మాటతో ఆమె నా బతుకంతా చెప్పుకున్న కథని కూల్చేయగలదు. అప్ప నా వైపు చూడనైనా చూడలేదు.

"అవునే గుంటా. ఒకటే నాది. మిగతావన్నీ మీ అమ్మమ్మవే" అంది.

అంతే, ఇంకేమీ కలపలేదు. నేను వంటింట్లోకి వెళ్ళి కుళాయి తిప్పి నిలబడ్డాను. మీరు పశ్చాత్తాపమనుకుంటారేమో, అది తర్వాత వచ్చింది. ముందు వచ్చింది పాత కుళ్ళే. అంత గుండె కూడా ఆమెకే ఉండాలా అని.

ఇప్పటి పిల్లల్లో ఎవరి చొక్కా వాళ్ళది, ఎవరి పేరు వాళ్ళది. ఒకరిది ఇంకొకరికి పోదు, పోయిందని ఏడిచే పనీ లేదు. మంచిదే. కానీ నీది నాకు వచ్చిందే అని పరిగెత్తుకొచ్చి చెప్పే అప్ప కూడా వాళ్ళకి ఎదురుపడదు. నాకు ఎదురుపడింది, నేను వెళ్ళమన్నాను. ఈ ముక్క మనవరాలికి ఇంకా చెప్పలేదు.