తీగ ఊడదీసిన లైన్లో అక్షరాలు

దయ్యాల సంగతి ఎవరు చెప్పినా నేను అడిగేవి మూడే: టైమెంత, ఎవరు చూశారు, ఇంకే కారణమూ లేదని ఎలా తేల్చారు. మూడింటికీ జవాబు చెప్పినవాళ్ళు నాకు తగల్లేదు. నా అనుభవానికి నేను కూడా రెండింటికే చెప్పగలను.

రెండువేల అయిదు ప్రాంతంలో తెనాలిలో ఒక కోచింగ్ సెంటర్ నెట్‌వర్క్ చూసేవాణ్ణి. బాపట్ల, రేపల్లెలో బ్రాంచీలు. పరీక్ష పేపర్లు తెనాలి సర్వర్‌లో ఉండేవి. వరుసగా మూడు శుక్రవారాలు, మధ్యాహ్నం ఒంటిగంట దాటాక, రేపల్లె లైను నుంచి ఎవరో పేపరు తెరిచారు. అక్కడ ఒకటే కంప్యూటరు, ఒకడే ఆపరేటరు. పేరు బాషా.

"వాడి పేరుతోనే తెరిచారు కదయ్యా. ఇంకా అనుమానమేంటి? రుజువు పట్రా, పంపించేద్దాం" అన్నారు డైరెక్టర్ గారు.

బాషాని అడిగాను. "ఆ టైముకి తాళం వేసి మసీదుకి వెళ్తానండి. కావాలంటే నా పక్కన నిలబడేవాళ్ళని అడగండి సార్" అన్నాడు. నేను నమ్మలేదు. పాస్‌వర్డ్ ఎవరికో ఇచ్చి ఉంటాడనుకున్నాను.

తెనాలి రూటర్‌లో మిర్రరింగ్ పెట్టాను. అంటే రేపల్లె లైన్లో వచ్చే ప్రతిదీ కాపీ అయి పక్క కంప్యూటర్‌లో పడుతుంది. మాది పాత ప్రోగ్రాం కాబట్టి నొక్కిన ప్రతి అక్షరం విడిగా కనిపిస్తుంది. నాలుగో శుక్రవారం అదే టైముకి అక్షరాలు పడ్డాయి. అక్షరానికీ అక్షరానికీ మధ్య మూడు సెకన్లు. బాషా టైపు హయ్యర్ పాసైనవాడు, అంత నెమ్మదిగా కొట్టడు.

అయిదో శుక్రవారం పొద్దున సర్వర్ ముందే కూర్చుని బాషా పాస్‌వర్డ్ మార్చాను. ఎక్కడా రాసుకోలేదు, ఎవరికీ చెప్పలేదు. రైలెక్కి రేపల్లె వెళ్ళాను. బాషా నమాజుకి వెళ్ళాక లోపల గడియ పెట్టి, రూటర్ నుంచి లైను తీగ ఊడదీసి చేత్తో పట్టుకున్నాను. తెనాలిలో కాపీ చూస్తున్న మా రమేష్‌కి ఫోన్ చేశాను.

"లైను పోయిందిరా" అన్నాడు. కాసేపటికి, "ఏంటి బాబూ, ఆటలా? మళ్ళీ పెట్టావా?"

"లేదు. చేతిలోనే ఉంది."

"మరి ఈ అక్షరాలేంటి?"

చదవడం మొదలుపెట్టాడు. ఆగి ఆగి, ఎనిమిది అక్షరాలు. పొద్దున నేను పెట్టిన పాస్‌వర్డే.

వారం రోజులు వెతికాను. తెనాలికి వేరే దారిలో ఏమీ రాలేదు. రెండు చోట్లా కంప్యూటర్లలో గడియారాలు సరిగ్గానే ఉన్నాయి. జరిగింది జరిగినట్టు రిపోర్టు రాసి, బాషాకి సంబంధం లేదని మొదటి లైన్లోనే పెట్టాను.

డైరెక్టర్ గారు రెండుసార్లు చదివారు. "కొత్త పాస్‌వర్డ్ ఎవరికి తెలుసు?"

"నాకొక్కడికేనండి."

ఆయన రిపోర్టు మడిచి సొరుగులో పెట్టారు. బాషా ఉద్యోగం నిలిచింది, నాది పోయింది. ఆయన్ని తప్పుపట్టను. ఆ కాగితం ఇంకెవరైనా రాసి నాకిస్తే నేనూ రాసినవాణ్ణే అనుమానించేవాణ్ణి. నేను కాదని నాకు తెలుసు. ఎవరో మాత్రం ఈరోజుకీ తెలియదు.