ఖుబానీ చివరి మేజోడు

మొన్న వానలో ఆబిడ్స్ నుంచి నాంపల్లి వైపు నడుస్తుంటే, ఒక దుకాణం మెట్ల మీద తడిసిన గోనెసంచి నుంచి వాసన వచ్చింది. మట్టి, ఎండుగడ్డి, వాటి అడుగున జంతువు ఒంటి ఘాటు. జనం ముక్కు మూసుకుని తప్పుకుపోతున్నారు. నేను మాత్రం గొడుగు పట్టుకుని అక్కడే నిలబడిపోయాను. అది మా ఖుబానీ వాసన.

ఖుబానీ ఒక ఫెర్రెట్. పొడుగాటి ఒళ్ళు, పొట్టి కాళ్ళు, ఎప్పుడూ ఏదో వెతుకుతున్నట్టుండే ముక్కు. సందులో వాళ్ళంతా దాన్ని ముంగిస అనే అనుకునేవారు. మా అమ్మకు అక్క, సుగుణ పెద్దమ్మ, టీచరుగా రిటైరయ్యాక నాంపల్లి స్టేషన్ దగ్గరి తన పాత పెంకుటింటిని దిక్కులేని జంతువులకు ఇచ్చేసింది. కాలు విరిగిన కుక్కలు, చూపు పోయిన పిల్లి, ఎవరికీ అక్కర్లేని కుందేళ్ళు అక్కడ ఉండేవి. విదేశం నుంచి వచ్చి మళ్ళీ అక్కడికే వెళ్ళిపోతున్న ఒక కుటుంబం ఫెర్రెట్‌ను పంజరంతో సహా ఆ వాకిట్లో దించిపోయింది. ఎండిన ఖుబానీ పండు రంగులో ఉందని పెద్దమ్మ దానికి ఆ పేరు పెట్టింది.

క్రిస్మస్ సెలవులకు నేను అక్కడికే వెళ్ళేదాన్ని. పొద్దున్నే రైలు కూతలు, పక్కింటి బొగ్గుల పొయ్యి పొగ, వంటింట్లో నూనెలో విచ్చుకుంటున్న గులాబీ పువ్వుల తీపి వాసన, స్వెట్టరు లోపల పాటల పుస్తకం దాచుకుని చర్చికి బయల్దేరే పెద్దమ్మ హడావిడి. ఆ హడావిడిలో ఖుబానీ ఎవరిదో ఒకరి మేజోడు నోట కరుచుకుని, వెనక్కి వెనక్కి నడుస్తూ, బీరువా కిందికి లాక్కుపోయేది. పెద్దమ్మ చాలా ఆదివారాలు రెండు కాళ్ళకూ రెండు రంగుల మేజోళ్ళు వేసుకుని చర్చికి వెళ్ళింది. ఎవరైనా నవ్వితే తనూ నవ్వేది.

నేను ఐదో తరగతిలో ఉన్న ఏడాది చలికాలానికి ఖుబానీ ముసలిదైపోయింది. వీపు మీద బొచ్చు ఊడి చర్మం కనిపించేది. వెనక కాళ్ళు ఈడ్చుకుంటూ నడిచేది. పెద్దమ్మ కోడి సూపు చల్లార్చి, ఒళ్ళో పెట్టుకుని చెంచాతో పట్టేది. నుమాయిష్ ఎగ్జిబిషన్ మొదలై, సాయంత్రమయ్యేసరికి అక్కడి మైకుల పాటలు మా పెరట్లోకి వినిపిస్తున్న రోజుల్లో, అది సూపు కూడా మింగలేక మెడ తిప్పేసుకుంది. పశువుల డాక్టరు వచ్చి చూసి, లోపల గడ్డ పెరిగిందనీ, నొప్పి ఇక తగ్గదనీ, శాశ్వతంగా నిద్రపుచ్చే సూది వేయడం మంచిదనీ చెప్పాడు. మర్నాడు వస్తానన్నాడు.

నేను పెద్దమ్మ కొంగు పట్టుకున్నాను.

"ఎండకాలం దాంక ఉంచుదాం పెద్దమ్మా. నేను చూసుకుంట."

ఆమె దాని వీపు నిమిరింది. "గిట్ల ఉంచుడు మన కోసం బిడ్డా," అంది. "దాని కోసం గాదు."

మర్నాడు డాక్టరు రాకముందు నా మేజోడు ఒకటి విప్పి ఖుబానీ ముందు పెట్టాను. వాసన చూసింది. నోట కరుచుకుంది. వెనక్కి లాగబోతే కాళ్ళు లేవలేదు. నేను నేల మీద బోర్లా పడుకుని, ఒక చేత్తో దాని నడుము ఎత్తి పట్టుకున్నాను. అది లాగుతుంటే నేను మోశాను. దారిలో ఆగి ఆయాసపడింది, మళ్ళీ లాగింది. మేజోడు బీరువా కిందికి చేరాక దాని మీదే గడ్డం ఆనించి పడుకుంది. దాన్ని అక్కడి నుంచి తీయడానికి మా ఇద్దరికీ చేతులు రాలేదు. డాక్టరే గుమ్మంలో చెప్పులు విడిచి, నేల మీద కూర్చుని, మేము సరేననేదాకా ఊరికే ఎదురుచూశాడు.

"నువ్వు గాడ అరుగు మీద కూసుంటవా, దీన్ని పట్టుకుంటవా? ఏది జేసినా తప్పు లేదు," అని పెద్దమ్మ నన్ను అడిగింది.

పట్టుకున్నాను. బీరువా కింది నుంచి మెల్లగా ఒళ్ళోకి తీసుకున్నాను. సూది వేసినప్పుడు ఒకసారి నా బొటనవేలు నాకింది. తర్వాత నా చేతుల్లో దాని ఒళ్ళు నెమ్మదిగా బరువెక్కింది. పెద్దమ్మ కళ్ళు మూసుకుని, ఈ చిన్న ప్రాణాన్ని మా దగ్గరికి పంపినందుకు దేవునికి వందనాలు చెప్పింది. జామచెట్టు కింద పూడ్చాం.

ఆ సాయంత్రం మిగతా జంతువులకు ఎప్పటిలాగే అన్నం కలపాలి. గంగాళం ముందు కూర్చుని నేను వెక్కుతుంటే పెద్దమ్మ కళ్ళ నుంచీ నీళ్ళు కారుతున్నాయి. "ఏడ్వు బిడ్డా," అంది, "కానీ చెయ్యి ఆపకు. ఆకలైతున్నది వాటికి."

ఇప్పుడు పెద్దమ్మ లేదు. ఆ పెంకుటిల్లు పోయి, సెల్‌ఫోన్ల దుకాణాలతో నాలుగంతస్తుల భవనం లేచింది. జామచెట్టు ఉన్నచోట స్కూటర్లు నిలబెడుతున్నారు. వాన తగ్గాక అక్కడిదాకా వెళ్ళి కాసేపు నిలబడితే, ఎవరు కావాలని వాచ్‌మన్ అడిగాడు. చెప్పాను. ఇప్పటికీ అప్పుడప్పుడు ఎవరో ఒకరు పిల్లికూననో కుక్కపిల్లనో అట్టపెట్టెలో పెట్టుకుని వచ్చి, జంతువుల టీచరమ్మ ఇల్లేదని అడుగుతుంటారట. ఆమె లేదని చెబితే, పెట్టెలోకి ఒకసారి తొంగిచూసి, దాన్ని మళ్ళీ జాగ్రత్తగా ఎత్తుకుని వెళ్ళిపోతారట.