గాలి దిగే గది

పెళ్లయ్యాక షార్జాలో మేం మొదట కాపురం పెట్టింది మనవాళ్లంతా ఉండే రోలా పేట ఫ్లాట్లలో కాదు. ఖోర్ అనే సముద్రపు పాయ ఒడ్డున, గోడకు గోడ ఆనుకుని వరసగా కట్టిన పాత ఇళ్లలో ఒకదాని వాకిలి పక్క గదిలో. డెబ్బైల చివరి మాట. నాది ఆసుపత్రిలో నర్సు ఉద్యోగం, మా ఆయనకు ఇండస్ట్రియల్ ఏరియాలో గ్యారేజీ పని. అప్పటికే రెండు కడుపులు పోయాయి నాకు. మూడోసారి ఐదో నెల నిండగానే, "మంచం దిగావంటే ఈ బిడ్డా దక్కదు" అని డాక్టరమ్మ కసిరింది.

ఆ సంగతి వినగానే ఇంటావిడ మా సామాను లోపలి పెద్ద గదికి మార్పించింది. ముసలావిడ. ఆవిడ మామగారు ముత్యాల వర్తకుడట. ఆయనతో బొంబాయిలో కొన్నేళ్లు ఉండొచ్చిన మనిషి కాబట్టి హిందీ గలగలా మాట్లాడేది. "ఖాలీ పడా హై, బేటీ" అంది. ఖాళీగా ఉందంటే కాబోలనుకున్నాను.

కదలకుండా పడుకున్నదానికి గోడలే కాలక్షేపం. సముద్రంలోంచి తీసిన పగడపు రాళ్లట, గుల్లగా ఉంటాయి, ఎండను లోపలికి రానివ్వవు. తలుపులు మన మలబారు టేకు. కప్పుకు వేసినవి ఆఫ్రికా నుంచి పడవల్లో తెచ్చిన మడ దుంగలు. కాకినాడ మడ అడవులు చూసినదాన్నేగానీ వాటితో మేడలు కడతారని అక్కడే తెలిసింది. దుంగ ఎంత పొడుగుంటే గది అంతే వెడల్పు, అందుకే అన్ని గదులూ రైలుపెట్టెల్లా ఒకే తీరు. మా గదిలో మాత్రం ఒక మూల కప్పు ఉండేది కాదు. అక్కణ్ణుంచి చదరపు గొట్టం ఒకటి డాబా పైకి బురుజులా లేచేది.

"పొగగొట్టమే!" అని సంబరపడ్డాడు మా ఆయన. నన్ను కనిపెట్టుకుని ఉండొచ్చని స్టవ్ అక్కడే పెట్టి, పప్పులోకి ఎండుమిర్చి తాలింపు వేశాడు. అమ్మ బాబోయ్! పైకి పోవాల్సిన ఘాటు పోలేదు సరికదా, పైనుంచి గాలి దిగి దాన్ని ఇల్లంతా పంచిపెట్టింది. ఇంటావిడ దగ్గుతూ, కళ్లు తుడుచుకుంటూ, నవ్వుతూ వచ్చింది. "అరే, యే బర్జీల్ హై! గాలిని కిందికి దించడానికి కట్టించాడు మా మామ."

మా ఆయనకు రోషం వచ్చింది. ఇంజన్లు విప్పి బిగించేవాడికి గొట్టం తెలీదా? దుమ్ము పడుతోందన్న వంకతో దాని నోటికి ప్లైవుడ్ కొట్టేసి, కిటికీలో పాత ఏసీ పెట్టాడు. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందట.

ఆగస్టులో ఒక మిట్టమధ్యాహ్నం ఏసీ ఆగింది. వాడంతా కరెంటు లేదు. సాయంత్రానికి నా నాలుక పిడచ కట్టింది, పొత్తికడుపు రాయిలా బిగుసుకుని సడలడం మొదలైంది. అవేం నొప్పులో నర్సుకు ఒకరు చెప్పాలా? "ఇదీ పోతోందండీ" అని ఏడ్చాను.

ఇంటావిడ పరుగున వచ్చి గొట్టం వంక చూసింది. "ఖలాస్! నికాలో యే లకడీ!" అని అరిచిన అరుపుకి మా ఆయన సుత్తి వెనక్కి తిప్పి ప్లైవుడ్ పెరికేశాడు. ఆవిడ తన దుప్పటి తడిపి గొట్టానికి అడ్డంగా కట్టి, నా చేత చెంచాతో నీళ్లు తాగించింది. కాసేపటికి దుప్పటి కదిలింది. చెమట పట్టిన మెడకు చల్లగా తగిలింది. చీకటి పడేసరికి నొప్పుల మధ్య ఎడం పెరిగి, ఆగిపోయాయి. కడుపులో బిడ్డ తన్నింది.

దుప్పటి తిరిగిచ్చి రావడానికి వెళ్లిన మా ఆయన మొహం వేలాడేసుకుని వచ్చాడు.

"ఆవిడ మన పాత గదిలో పడుకుంటోందే. కొలిమిలా ఉందది."

"మరి ఈ గదో?"

"ఆవిడదేనంట."

కొడుకులు కొత్త బంగళాకు రమ్మన్నా ఈ గాలి వదిలి పోనన్న మనిషి! పొద్దున్నే పిలిచి అడిగితే కసురుకుంది. "నా పిల్లలందరూ ఇక్కడే పుట్టారు. నీదీ ఇక్కడే నిలవాలి. చుప్."

చుప్ ఏమిటి? ఆ రోజే ఆవిడ మంచం నా పక్కన వేయించి, మా ఆయన్ని కొలిమిలోకి తోలాను. చాప చంకన పెట్టుకుని పోయాడు పాపం.

నెలలు నిండి ఆడపిల్ల పుట్టింది. ఆసుపత్రి నుంచి తెచ్చి ముందు నా మంచం మీద వేయలేదు. ఆవిడ మంచం మీద, ఆవిడ పక్కన, గాలి దిగే చోట పడుకోబెట్టాను.