మిలిట్రీ అత్త బాండ్లి

పోయిన నెల ఆదోని బస్టాండులో ఉరుకుంద బస్సు కోసం నిలబడి ఉంటే, ఎమ్మిగనూరులో మా పుట్టింటి వీధి మనిషి ఎదురుపడ్డాడు. "మీ మిలిట్రీ అత్త పోయినాదక్కా. బేస్తవారమే కార్యమంతా అయిపాయ" అన్నాడు. నాకు ఏడుపు రాలేదు. కోపం వచ్చింది. అది ఆ రోజు పుట్టిన కోపం కాదు, నా పెళ్లినాటిది.

ఆమె మాకు చుట్టం కాదు, పక్కింటామె. మిలిట్రీలో ఉన్న భర్తతో రెండేళ్లు కాశ్మీరులో కాపురం చేసింది. ఆయన యుద్ధం నుంచి తిరిగి రాలేదు. ఒక ట్రంకు పెట్టె, వేపుళ్లు చేసే ఒక ఇనుప బాండ్లి పట్టుకొని ఆమె ఎమ్మిగనూరు వచ్చేసింది. కాశ్మీరులో ఇంటి ఓనరమ్మ ఆమెకు బజ్జీలు నేర్పిందట. వాళ్లు తామర తూడుతో చేస్తారు. మా ఊరి ఎండల్లో తామర తూడు ఎక్కడిది? అత్త ఉర్లగడ్డనే, అదే బంగాళాదుంపనే, వేలంత పొడుగు ముక్కలు కోసేది, లేదంటే వంకాయ.

శనగపిండి ముట్టేది కాదు. నానబెట్టిన బియ్యం ఆరబోసి, కాస్త రవ్వ తగిలేలా విసిరి, ఉప్పు, ఎర్ర కారం, నలిపిన జీలకర్ర కలిపేది. ఒకసారి నేను సోడా ఉప్పు వేయబోతే చేతి మీద ఒకటి వేసింది. "అది ఏస్తే ఉబ్బుతాది, కరకరలాడదు. ఒగసారి ఏంచి తీసి, సల్లారనిచ్చి, నూనె బాగా కాగినాక మళ్లా ఏంచల్ల. రెండుసార్లు ఏగితేనే కరకర. మనిషైనా అంతే" అని నవ్వింది. ఆ మాట తలచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. మనిషెందుకత్తా రెండుసార్లు వేగాలి?

సాయంత్రమైతే వీధిలో ఆడవాళ్లంతా గిన్నెలు పట్టుకొని ఆమె వాకిట్లో ఉండేవాళ్లు. అందరికంటే ముందు మా మేనత్త. "నీ సేతిలో ఏముందే తల్లీ, మేం సేస్తే మెత్తగైతాండాయి" అని పొగిడి, నాలుగు ఎక్కువ వేయించుకునేది.

నా పెళ్లికి ఆదోని నుంచి వచ్చే మగపెళ్లివాళ్లకు కాశ్మీరు బజ్జీలు పెట్టాలని మా అమ్మే అత్తను అడిగింది. పాపం, ఆమెను పెళ్లిళ్లకు పిలిచేదెవరు? ముందురోజే పిండి విసురుకొని, ఉతికిన చీర కట్టుకొని, బాండ్లి చంకన పెట్టుకొని పొద్దున్నే వచ్చింది. మా వైపు పెళ్లింట్లో తొలి బాండ్లి ముత్తైదువే పొయ్యి మీద పెట్టాలి. మేనత్త పొయ్యికి అడ్డం నిలబడింది. "మొగుడు లేనామె సేత పెండ్లింట్లో బాండ్లి పెట్టిస్తారా? బుద్ధుందా వదినా?"

అమ్మ తల దించుకుంది. అత్త పిండి గిన్నె అక్కడే వదిలి, తన బాండ్లి తీసుకొని పెరటి గుమ్మం అవతల నిలబడింది. మేనత్త మా బాండ్లి పెట్టి వేయిస్తుంటే అక్కడినుంచే చెప్పింది. "ఇంగా కాగనీ. తొందరపడాకు. ఆ... ఇప్పుడు తియ్యమ్మా."

మగపెళ్లివాళ్లు లొట్టలేసుకుంటూ తిన్నారు. మెప్పంతా మేనత్తకే. రోజూ గిన్నె చాపి తిన్న చేతివంటే కదా, ఆ ఒక్క పూట మైలైపోయిందా? ఛీ! నేను పసుపు బట్టల్లో, పదడుగుల దూరంలో పీట మీద కూర్చొని అంతా చూశాను. "అత్తే పెట్టాల" అనడానికి నోరు రాలేదు. మేనత్త మీద సగం కోపమైతే, మిగతా సగం నా మీదే.

తరువాత పుట్టింటికి వెళ్లినప్పుడల్లా అత్త నాకు బజ్జీలు చేసి పెట్టింది. ఒకసారి ఆ సంగతి ఎత్తబోతే, "పోనీలే, సల్లారిపోతాండాయి తిను" అంది. నాలుగు తిట్టి ఉంటే నాకు బాగుండేది.

ఆమె పోయాక ఆమె అన్న కొడుకు ఆ బాండ్లి తెచ్చి, "నీకే ఇయ్యమనెనక్కా" అన్నాడు. పోయిన వారం మా ఆఖరి చెల్లెలి పెళ్లి. బాండ్లి తీసుకుపోయి నేనే పొయ్యి మీద పెట్టాను.

"ఎవరిదే ఇది?" అంది మేనత్త.

"మిలిట్రీ అత్తది. దించు సూద్దాం!"

మేనత్త పొయ్యి దగ్గరనుంచి పక్కకు జరిగింది. అమ్మ వచ్చి, తల ఎత్తకుండా నూనె పోసింది.

ఒకసారి వేయించి తీశాను. చల్లారాక మళ్లీ వేశాను. ముక్కలు రంగు తిరుగుతున్నాయి. నాకు తెలియకుండానే పెరటి గుమ్మం వైపు చూశాను. అక్కడ ఎండ తప్ప ఏమీ లేదు. చిల్లుల గరిటె పట్టుకొని, ఇప్పుడు తియ్యమ్మా అనే మాట కోసం అలాగే నిలబడ్డాను. ఆ వాయి మాడిపోయింది.