సముద్రం వైపు పిలిచిన హాజరు

ఇవాళ పొద్దున మా వీధి చివరి బడిలో డ్రిల్లు పీరియడు. పిల్లలను వరసగా నిలబెట్టి పంతులమ్మ హాజరు పిలుస్తోంది. ఒక పేరుకు జవాబు రాలేదు. ఆమె రెండోసారి పిలిచేలోగా లేచి కిటికీ మూసేశాను.

అరవయ్యో దశకం మొదట్లో, సముద్రపు ఒడ్డున ఉన్న మా పల్లె బడికి కొత్తగా డ్రిల్లు మాస్టారు వచ్చారు. ఆయనది సంగం వైపు, వరి పొలాల మనిషి. ఇసుకలో బూట్లతో నడవలేక అవస్థపడేవారు గానీ, మా ఒళ్ళు బాగుచేయాలన్న పట్టుదల మాత్రం గట్టిది. "తినేది పచ్చి చేపలు, ఆ డొక్కలేందిరా ఎండుచేపల మాదిరి?" అని బాధపడేవారు. వల లాగమంటే ఒక్కటిగా లాగే మా చేతులు, ఆయన "అప్" అంటే తలో దిక్కుకు లేచేవి. బడి ముందు స్థలం వానకు బురదైపోయి, క్లాసు ఒడ్డుకు మారింది. పొద్దుటెండ మా కళ్ళలో పడకూడదని మమ్మల్ని సముద్రానికి వీపు పెట్టి నిలబెట్టేవారు.

ఆ రోజు దట్టంగా మంచు. నీళ్ళు కనబడవు, అలల చప్పుడే. ఓర్పు పెరుగుతుందని మా చేతులు పైకెత్తించి, అలాగే ఉంచి హాజరు మొదలుపెట్టారు. మా పెదనాన్న కొడుకు, నాకు అన్న, నాతోపాటే ఐదో తరగతి, ఆ పొద్దున వాళ్ళ నాన్నతో తెప్ప మీద వేటకు వెళ్ళి ఉన్నాడు. నీళ్ళ మీదున్న మనిషిని మావాళ్ళు ఒడ్డు నుంచి పేరు పెట్టి పిలవరు. మాస్టారు పిలిచేశారు.

"పిలవొద్దు సార్, వాడు వేటకు పోయినాడు," అన్నాను.

"పిలవకుండా ఆబ్సెంట్ ఎట్టా వేసేదిరా?" అని గొంతెత్తి మళ్ళీ పిలిచారు.

"ప్రజెంట్ సార్."

మా వీపుల వెనక నుంచి వచ్చింది. బాగా దగ్గరగా, అన్న గొంతుతోనే. మాస్టారు మా తలల మీదుగా చూస్తూ ఉండిపోయారు. "డౌన్" అనలేదు. మేం చేతులు దించలేదు, వెనక్కి తిరగనూ లేదు.

సంగతి విని మా అవ్వ ఒడ్డునే కూలబడింది. "నీళ్ళలోది వాడి పేరు పట్టుకునింది. మనిషిని వదిలేస్తే సాలు," అంది. మాస్టారు బూట్లు విప్పి ఆమె పక్కనే కూర్చున్నారు. మధ్యాహ్నం మంచు విడిచాక తెప్ప వచ్చింది. అన్న దిగీ దిగకముందే ఆయన పరుగెత్తి, "పొద్దున పలికింది నువ్వేనా?" అని అడిగారు.

"నేనేడ పలికినాను సార్? ఒడ్డే కానరానంత దూరాన ఉంటిమి."

అవ్వ వాడి నోరు మూసింది. "ఆ పేరుకు అది పలికేసింది. ఇంక నువ్వు పలకబాక."

ఆ సాయంత్రమే అన్నకు వేరే పేరు పెట్టారు. నవ్వుతారనుకున్న మాస్టారు తానే హాజరు పుస్తకంలో పేరు దిద్దారు. మర్నాటి నుంచి మమ్మల్ని సముద్రం వైపే తిప్పి నిలబెట్టి, పేర్లు పిలవకుండా తలలు లెక్కపెట్టేవారు. లెక్క సరిపోయాక కూడా ఎందుకో ఇంకోసారి లెక్కపెట్టేవారు. మా డొక్కలు మాత్రం ఆ ఏడాది నిజంగానే నిండాయి.

అన్నకు ఇప్పుడు పళ్ళు లేవు, కర్ర లేనిదే అడుగు పడదు. పాత పేరు తెలిసినవాళ్ళలో మిగిలింది మేమిద్దరమే. ఇన్నేళ్ళ వయసూ మా ఇద్దరికే వచ్చింది. ఆ పేరు మాత్రం మంచులో ఇంకా ఐదో తరగతి పిల్లవాడిగానే ఉంది, ఎవరైనా పిలుస్తారేమోనని ఎదురుచూస్తూ.