అవ్వను చంపి తెచ్చుకున్న సీటు

నేను నర్సింగులో చేరడానికి కారణం ఒక కాఫీ కప్పు.

మేం కదిరి వైపు నుంచి బెంగళూరు వచ్చినవాళ్ళం. సర్జాపుర దారిలో కొత్త అపార్టుమెంట్ల వెనక ఒక రేకుల ఇంట్లో ఉండేవాళ్ళం. నాన్న ఆ అపార్టుమెంట్లలో టైల్సు పరిచేవాడు. అమ్మ అవే టైల్సును తుడిచేది. ఆమె పనిచేసే ఇళ్ళలో ఒకదాంట్లో మంచం పట్టిన పెద్దాయన ఉండేవాడు. ఆయన్ను చూసుకోవడానికి రోజూ ఒక నర్సు స్కూటర్ మీద వచ్చేది. అమ్మకు కాఫీ స్టీలు గ్లాసులో, అదీ సింకు పక్కన నిలబడి తాగాలి. ఆ నర్సుకు మాత్రం కుర్చీ వేసి, ఇంటివాళ్ళు తాగే పింగాణీ కప్పులో ఇచ్చేవాళ్ళు. ఒకరోజు అమ్మ ఉండబట్టలేక ఆమె జీతం ఎంతో అడిగేసింది. ఇంటికొచ్చి ఆ అంకె నాన్న చెవిలో చెప్పింది. నాన్న నోటిదాకా వచ్చిన ముద్దను పళ్ళెంలో పెట్టి నా వైపు చూశాడు. నా చదువు అక్కడే ఖాయమైపోయింది.

నీకు ఇష్టమేనా అని నన్నెవరూ అడగలేదు. అడిగినా చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదు. అప్పటికి నాకు ఏ వృత్తి మీదా ప్రేమ లేదు, నిద్ర మీద మాత్రం చాలా ఉండేది. కోడిని కోస్తున్నారంటే వీధి చివరికి పరిగెత్తే రకాన్ని. కానీ ఆ జీతం విన్నాక నాకూ ఆశ పుట్టింది, అబద్ధమెందుకు చెప్పాలి? కుర్చీలో కూర్చుని కప్పులో కాఫీ, సొంత స్కూటర్, ఒకటో తారీకున ఠంచనుగా డబ్బు. సేవ అనే మాట నా తలకాయలో ఏ మూలా లేదు.

చిక్కంతా దరఖాస్తుతో వచ్చింది. కాలేజీలో చేరే పేదపిల్లలకు సగం ఫీజు కట్టే ట్రస్టు ఒకటుంది. ఆ సగం రాకపోతే నాన్న ఎన్ని అంతస్తులు పరిచినా నా చదువు సాగదు. అది రావాలంటే నర్సు ఎందుకు కావాలనుకుంటున్నానో ఇంగ్లీషులో ఒక పేజీ రాయాలి. నిజం రాస్తే ఒక్క మాటతో సరిపోతుంది. మిగతా పేజీని ఏం చేయాలి?

అందుకని అవ్వను చంపేశాను.

అవ్వ అంటే మా నాన్నను కన్నతల్లి. మాతోనే ఉండేది. నేను ఆ పేజీ రాస్తున్నప్పుడు నా పక్కనే కూర్చుని చింతపండులో గింజలు తీస్తోంది. నా కాలి మీద దోమ వాలినప్పుడల్లా దాన్ని కొడుతోంది. ఆమె నా కోసం దోమల్ని చంపుతుంటే, నేను సీటు కోసం ఆమెను చంపుతున్నాను. ఆసుపత్రి లేని పల్లెలో, అర్ధరాత్రి, ఎవరూ తోడు లేక, దాహం దాహం అంటూ, గుటక నీళ్ళు పోసేవాళ్ళు కూడా లేక మా అవ్వ ప్రాణం విడిచిందని రాశాను. ఆ రోజే నర్సునవుతానని ప్రతిజ్ఞ చేశానని ముగించాను. రాసింది మళ్ళీ చదువుకుంటే నాకే ఏడుపొచ్చింది.

"ఏమే, కండ్లు తుడుస్తాండావు? చింతపండు ఘాటా?" అని అడిగింది పోయినావిడ.

సగం ఫీజు వచ్చింది. కాలేజీలో చేరాను. అంతటితో ఊరుకుని ఉంటే బాగుండేది. కానీ నర్సింగు కాలేజీల్లో ఒక వేడుక ఉంటుంది. మొదటి ఏడాది పిల్లలందరూ తెల్లబట్టలు వేసుకుని, చేతిలో దీపం పట్టుకుని, తల్లిదండ్రుల ముందు ప్రమాణం చేయాలి. దానికి వారం ముందు ప్రిన్సిపాల్ మేడం నన్ను పిలిచింది. ట్రస్టు నడిపే పెద్దాయన అన్ని వ్యాసాలూ చదివి నాది ఎంచుకున్నాడట. వేదిక మీద దాన్ని నేనే చదవాలట.

ఇంటికి పోయి, ఒక్కొక్కరికి ఇద్దరినే రానిస్తారని చెప్పాను. అవ్వ వినింది. వేడుక రోజు పొద్దున్నే పట్టుచీర కట్టుకుని గడపలో నిలబడింది.

"మీ అమ్మకి పనుండాదంట. ఇద్దరమే వస్తాండాము" అంది.

వేదిక మీద నిలబడి నా ఇంగ్లీషు వ్యాసం చదివేశాను. మూడో వరసలో అవ్వ దర్జాగా కూర్చుని, తలాడిస్తూ, పక్కావిడకు నన్ను చూపిస్తోంది. ఆమెకు ఇంగ్లీషు రాదు కాబట్టి గండం గడిచిందనుకున్నాను. అప్పుడు ప్రిన్సిపాల్ మేడం మైకు తీసుకుంది. తల్లిదండ్రులందరికీ అర్థం కావాలని, నేను చదివిందంతా కన్నడంలో వివరంగా చెప్పడం మొదలుపెట్టింది.

మా అవ్వ సర్జాపుర సంతలో కన్నడంలో బేరమాడి మిరపకాయలవాళ్ళను ఏడిపించే మనిషి. పల్లె దగ్గర ఆమె తల ఊగడం ఆగింది. దాహం దగ్గర నోరు తెరుచుకుంది. ప్రాణం విడిచిందన్నప్పుడు నా వైపు చూసింది. ఆమె లేచి ఒక్క మాట అంటే చాలు, ఫీజు పోతుంది, సీటు పోతుంది, నాన్న పరువూ పోతుంది.

వేడుక అయ్యాక ట్రస్టు పెద్దాయన నేరుగా మా దగ్గరికే వచ్చాడు. నాన్నకు నమస్కారం చేసి, అవ్వను చూసి, ఈవిడ ఎవరని కన్నడంలో అడిగాడు. నాన్న నా వెనక్కి జరిగాడు. అవ్వ కొంగుతో కళ్ళు ఒత్తుకుంది.

"నేను ఆ పోయినామె చెల్లెల్ని సామీ" అంది, మంచి కన్నడంలో.

పెద్దాయన చేతులు జోడించాడు. మీ అక్క చాలా మంచిదై ఉంటుందన్నాడు.

"మంచిదే. నోరు మాత్రం పెద్దది" అంది అవ్వ. "ఒబ్బట్లంటే ప్రాణమిచ్చేది, పాపం."

ఆయన వెంటనే ఒబ్బట్లు తెప్పించాడు. అవ్వ అక్క పేరు మీద రెండూ, తన పేరు మీద రెండూ తినేసింది.

తిరుగు బస్సులో అవ్వ నా పక్కన కూర్చుంది. నాన్న భయపడి ముందు సీటుకు పోయి కూర్చున్నాడు. చంపావెందుకని తిడుతుందనుకున్నాను. ఆమె బాధ వేరే.

"నన్ను చంపితివి, సరే. ముసలిదాన్ని, ఎప్పుడైనా పొయ్యేదాన్నే. గుటక నీళ్ళు కూడా లేకుండా చంపుతివే! ఆరుగుర్ని కని సాకినదాన్ని నేను. అంత దిక్కులేని సావు నాకెందుకు రాస్తివే?"

ఫీజు కోసమని గొణిగాను.

"ఫీజు కావాలంటే ఒక గలాసు నీళ్ళు రాస్తే తగ్గిపోతాదా?" అని నా చెయ్యి లాక్కుని తన నెత్తిన పెట్టుకుంది. "ఒట్టెయ్. నేను నిజంగా పొయ్యేనాడు నా గొంతులో నీళ్ళు నువ్వే పొయ్యాల. యాడున్నా రావాల. ఒట్టేస్తేనే నేను నోరు మూసుకుంటా."

టికెట్లు కొడుతున్న కండక్టర్ ఆగి మరీ చూశాడు. ఒట్టు వేశాను. అంత చవగ్గా బయటపడినందుకు ఆ రోజు నాకు సంతోషంగా కూడా అనిపించింది.

నాలుగేళ్ళూ చదివాను. రక్తం చూసి రెండుసార్లు పడిపోయాను, మూడోసారి నుంచి పడలేదు. చివరి రోజు సర్టిఫికెట్ మీద సంతకం పెడుతూ ప్రిన్సిపాల్ మేడం, మీ చిన్నవ్వ బాగుందా అని అడిగింది. బాగుందన్నాను.

"మీ అవ్వ?"

నేను సర్టిఫికెట్ కోసం చెయ్యి చాపాను.

"ప్రతి ఏడాదీ ఈ వ్యాసాల్లో చాలామంది అవ్వలు పోతారు. వచ్చి ఒబ్బట్లు తినిపోయింది మీ అవ్వ ఒక్కతే" అని కాగితం నా చేతిలో పెట్టింది.

ఒక ప్రైవేటు ఆసుపత్రిలో, ఎముకల వార్డులో ఉద్యోగం వచ్చింది. స్కూటర్ కొనుక్కున్నాను. కప్పులో కాఫీ ఇస్తారు కానీ అది వేడిగా ఉండగా తాగే తీరిక ఏ రోజూ దొరకలేదు. ఎందుకు చేస్తున్నావని ఎవరడిగినా జీతానికే అని చెప్పేదాన్ని. అది నిజమే.

పోయిన ఏడాది అవ్వ స్నానాలగదిలో జారిపడింది. తుంటి ఎముక విరిగింది. మా ఆసుపత్రిలోనే, మా వార్డులోనే చేర్చాం. ఆపరేషన్ పొద్దున్నే అన్నారు. అప్పటిదాకా నోటితో ఏమీ ఇవ్వకూడదు. కడుపులో ఏమైనా ఉంటే మత్తులో అది పైకి తన్ని ఊపిరితిత్తుల్లోకి పోతుంది, మనిషి దక్కదు. ఆ సంగతి రాసిన అట్టముక్కను మంచానికి తగిలించింది నేనే. తీరా ఆ పొద్దున ప్రమాదంలో దెబ్బలు తిన్న వాళ్ళెవరో వచ్చారు. అవ్వ వంతు వెనక్కి పోయింది. ఏ నిమిషంలోనైనా పిలవవచ్చు, అలాగే ఉంచండన్నారు. పదైంది, పదకొండైంది.

అవ్వ ముందు బతిమాలింది. తర్వాత ఊడ్చే ఆమెకు పది రూపాయలు లంచం చూపించింది. అదీ కుదరక, నోరు పుక్కిలించుకుంటానంది. నీళ్ళిచ్చి గిన్నె పట్టుకుని ఆమె గొంతు మీదే చూపు పెట్టి నిలబడ్డాను. మింగబోయి, నన్ను చూసి, గిన్నెలో ఉమ్మేసింది.

"పోలీసోళ్ళు మేలు" అంది.

పన్నెండింటికి మాత్రం నా చెయ్యి పట్టుకుంది. ఆ చేతిలో బలం లేదు.

"నేను తిరిగి రాను పాపా. నాకి తెలుస్తాంది. నువ్వు ఒట్టేసినావు. ఇప్పుడు ఇయ్యి."

సీసా నా పక్కనే బల్ల మీద ఉంది. అమ్మ బయట ఉంది, వార్డులో మమ్మల్ని చూసేవాళ్ళెవరూ లేరు. నేను రాసిన వ్యాసం మొత్తం నా ముందు పడుకుని నీళ్ళడుగుతోంది. అర్ధరాత్రికి బదులు మిట్టమధ్యాహ్నం, పల్లెకు బదులు బెంగళూరు, అంతే తేడా. ఒక్క గుటకకు ఏమవుతుందని చెయ్యి సీసా దాకా పోయింది. ఏమవుతుందో నాలుగేళ్ళు చదివాను. ఆ చదువే లేకపోతే ఇచ్చి ఉండేదాన్ని. సీసా తీసి అల్మారాలో పెట్టి తాళం వేశాను. గుడ్డ తడిపి, గట్టిగా పిండి, ఆమె పెదాలు తుడిచాను. పళ్ళు లేని చిగుళ్ళతో ఆ గుడ్డను పట్టుకుని వదల్లేదు. నాకు దుఃఖం ఆగలేదు. యూనిఫారంలో ఏడవకూడదని మాకు నేర్పారు, అయినా ఏడ్చాను.

రెండింటికి పిలుపొచ్చింది. స్ట్రెచర్ వెంట ఆపరేషన్ గది తలుపు దాకా పోయాను. అక్కడి సిస్టరు పేరు సరిచూసుకుని, ఈమె మీకేమవుతారని నన్ను చూపిస్తూ అవ్వను అడిగింది. అవ్వ నా వైపు చూడలేదు.

"తెలీదప్పా. జీతానికి చేస్తాండే పిల్ల" అంది.

తలుపు మూసుకుంది. ఇన్నేళ్ళూ నా గురించి నేను చెప్పుకున్న మాటే అది. ఆమె నోట వింటే మాత్రం రెండు గంటలసేపు ఆ తలుపు ముందు నుంచి కదల్లేకపోయాను. ఆమె తిరిగి రాకపోతే నాతో అన్న చివరి మాట అదే.

తిరిగొచ్చింది. సాయంత్రానికి మత్తు దిగుతుండగా డాక్టరు వచ్చి చూసి, చెంచాతో కొంచెం కొంచెంగా నీళ్ళు పట్టవచ్చన్నాడు. పరిగెత్తాను. మంచం తల వైపు ఎత్తి, చెంచా నింపి, పెదాలకు ఆనించాను. అవ్వ కళ్ళు మూసుకునే అడిగింది.

"ఎవురు?"

"నేనే అవ్వా, నీ మనవరాలిని. నీళ్ళు తాగు."

ఆమె పెదాలు టక్కున మూసుకున్నాయి. ముఖం పక్కకు తిప్పేసింది.

"వద్దు. నువ్వు పోస్తే నేను పోతాను. నీ ఒట్టు అదే కదా."

ఎంత చెప్పినా వినలేదు. ఆపరేషన్ అయిపోయిందన్నాను, బతికే ఉన్నావన్నాను, అమ్మతో చెప్పించాను. గొంతు ఎండిపోయి దగ్గు వస్తోంది, అయినా నోరు తెరవదు. మత్తులో కూడా అంత మొండితనం ఎక్కడ దాచిందో! చివరికి నేను గొంతు సవరించుకుని, కాస్త మార్చి, వార్డులో అందరితో మాట్లాడే మాటతీరులో అన్నాను.

"అమ్మా, నేను మీ మనవరాలిని కాదు. జీతానికి చేసే సిస్టర్‌ని. ఇది నా డ్యూటీ. నోరు తెరవండి."

అవ్వ ఒక కన్ను తెరిచింది. నా టోపీ చూసింది, బ్యాడ్జీ చూసింది, ఏడ్చి ఉబ్బిన నా ముఖం చాలాసేపు చూసింది.

"అట్లయితే పొయ్యి" అని నోరు తెరిచింది.