ఆ కమలాపళ్ళు నావి

మా వియ్యపురాలు పోయిందన్న కబురు బాతెల్‌లో ఉండే ఆమె కూతురి నుంచి ఫోనులో వచ్చింది. ఇక్కడ ఫ్రీమాంట్‌లో మా అల్లుడు ఆఫీసుకని కారు స్టార్ట్ చేసి, మళ్ళీ ఆపి, లోపలికొచ్చి వంటింటి గుమ్మంలో నిలబడ్డాడు. "అత్తయ్యగారూ, అమ్మ పోయింది. నిద్రలోనేనట. చెల్లి ఫోన్ చేసింది" అన్నాడు. నేను దోసెలపిండి కలుపుతున్నాను. చెయ్యి గిన్నెలో అలాగే ఉంచి "ఎప్పుడు" అని అడిగాను. అంతకంటే మంచిమాట ఒక్కటి నా నోటికి రాలేదు.

ఈ పత్రికలో పోయినవాళ్ళ గురించి రాసేవాళ్ళు వాళ్ళ మంచితనం రాస్తారు. నేనూ చెబుతాను. కానీ ముందు ఒక సంగతి తేలాలి. పదకొండో రోజున మా ఇంటికొచ్చిన వాళ్ళందరి ముందూ ఆమె కొడుకు, అంటే మా అల్లుడు, "అమ్మకి మతిమరుపు ఆఫ్రికాలో మొదలైంది" అన్నాడు. అందరూ పాపం అన్నట్టు తలలూపారు. అది అబద్ధం. అతను తెలిసి ఆడిన అబద్ధం కాదు. దాన్ని పుట్టించినదాన్ని నేను. నాకు అక్షరం రాదు కాబట్టి నేను చెబుతుంటే పక్కింటివాళ్ళ కోడలు రాస్తోంది. నన్ను మంచిదాన్ని చేసే మాట ఒక్కటి కూడా సొంతంగా కలపొద్దని ఆ పిల్లకి గట్టిగా చెప్పాను.

నా కూతుర్ని ఆమె కొడుక్కిచ్చాం. ఆమె నన్ను వదినగారూ అనేది, నేనూ ఆమెను వదినగారూ అనేదాన్ని. ఇద్దరం భర్తలు పోయాక పిల్లల దగ్గరికి చేరినవాళ్ళమే. ఒకే ఇంట్లో పక్కపక్క గదులు. ఆమె నీటిపారుదల శాఖలో ట్రేసరుగా చేసి రిటైరైంది. ఇంజనీరు గీసిన పటం మీద పల్చటి గుడ్డ పరిచి, కింద కనపడే కాలవలనూ నదులనూ సిరాతో ఎత్తి గీయడం ఆమె ఉద్యోగం. "నేను చూడని నది లేదు వదినగారూ, ఒక్కదాంట్లోనూ తడవలేదు" అని నవ్వేది. ఇంట్లో ఎవరికైనా కోపమొస్తే "సిరా ఆరనివ్వండి, అప్పుడే చెయ్యి పెట్టకండి" అనేది. ఆ కోపం ఎక్కువసార్లు నాదే.

మందుసీసా మీద ఏముందో, గుడి నోటీసులో ఏముందో, అన్నీ నాకు ఆమే చదివి పెట్టేది. నీకు చదువు రాదు కదా అని ఒక్కనాడూ అనలేదు. "ఈ అక్షరాలు మరీ చిన్నవి, ఇలా ఇవ్వండి, నేను చూస్తాను" అనేది, తప్పంతా అక్షరాలదే అయినట్టు. నా చూపు బాగానే ఉందని, నాకసలు కళ్ళజోడే లేదని ఆమెకు తెలుసు.

ఒక ఏడు వేసవి సెలవులకి ఎక్కడికెళ్దామని అల్లుడు అడిగితే, ఎప్పుడూ ఏమీ అడగని మనిషి ఒక కోరిక బయటపెట్టింది. ఆఫ్రికాలో ఒక నది సముద్రంలో కలవదట. ఎడారి ఇసుకలోకొచ్చి పాయలు పాయలుగా విడిపోయి ఇంకిపోతుందట. ఆఫీసులో ఎవరో ఇంజనీరు చెప్పాడట. "పటంలో నది చివర సముద్రం గీయకుండా వదిలెయ్యడం నేనెప్పుడూ ఎరగను. అదొక్కటి చూపించరా" అంది. అల్లుడు ఆ రాత్రే సఫారీ బుక్ చేశాడు. నమీబియా ఎడారి నుంచి బోట్స్వానా దాకా మూడు వారాలు, పెద్ద ట్రక్కులో ప్రయాణం, టెంట్లలో పడక. నన్నొక్కదాన్నీ ఇంట్లో వదల్లేక తీసుకెళ్ళారు. వదిలినా నేను ఉండేదాన్ని కాదులెండి. ఆమె వెళ్ళే చోటికి నేను వెళ్ళకపోవడమా.

ఆ ట్రక్కులో పనివాళ్ళు ఉండరు. డ్రైవరే దారి చూపేవాడు, అతనే వంట మొదలుపెట్టేవాడు, మిగిలిందంతా ఎక్కినవాళ్ళు చేసుకోవాలి. టెంటు ఎవరిది వాళ్ళు వేసుకోవాలి. అంట్లు మూడు తొట్లలో కడిగి, తుడవకుండా చేత్తో పట్టుకుని గాల్లో ఊపి ఆరబెట్టాలి. తుడిచే గుడ్డతో జబ్బులొస్తాయని వాళ్ళ పద్ధతి. మా వియ్యపురాలు రెండు చేతుల్లో రెండు పళ్ళేలు పట్టుకుని ఎడారి మధ్యలో కొంగలా ఊపేది. తెల్లవాళ్ళంతా ఆమె చుట్టూ చేరి ఊపేవాళ్ళు. మా మనవరాలు పడీపడీ నవ్వేది. నేను మడతకుర్చీలో కూర్చుని, ఈ వయసులో ఇదేం ఆట అనుకునేదాన్ని. నిజం చెప్పాలంటే కుళ్ళుకునేదాన్ని.

ఎర్రటి ఇసుకకొండల మధ్య ఒకచోట నేలంతా తెల్లగా పగిలి, ఎప్పుడో చచ్చిన చెట్లు నల్లగా నిలబడి ఉన్నాయి. ఆమె వంగి ఆ మట్టిని చేత్తో తాకి, "పూర్వం ఇక్కడిదాకా ఏరు వచ్చేదట వదినగారూ. ఇసుక అడ్డొచ్చేసరికి ఆగిపోయింది" అంది. నాకు కాళ్ళు కాలుతున్నాయి, ట్రక్కెక్కుదాం పదండి అన్నాను. ఆమె చూపించిన ప్రతిదానికీ నేనిచ్చిన జవాబు అలాంటిదే.

బోట్స్వానాలో అడవి మొదలయ్యాక క్యాంపులకి కంచె ఉండదు. జంతువులు మనుషుల మధ్యకే వస్తాయి. శుక్రవారం సాయంత్రం డ్రైవరు అందరికీ ఒక కాయితం ఇచ్చాడు, ఏం చెయ్యాలో ఏం చెయ్యకూడదో. "అమ్మా, అత్తయ్యగారికి చదివి చెప్పు" అని అల్లుడు ఆమెకు పురమాయించి టెంటు వెయ్యడానికి వెళ్ళాడు. ఆమె నా పక్కన కూర్చుని మొదటి నుంచి చివరిదాకా తెలుగులో చెప్పింది. పళ్ళ దగ్గరికి వచ్చాక రెండుసార్లు చెప్పింది. కమలాలు, నిమ్మకాయలు అసలు టెంటులో పెట్టకూడదు, ఆ వాసన ఏనుగుకి ఎంతో దూరం నుంచి తెలుస్తుంది, అన్నీ డ్రైవరుకిస్తే ట్రక్కు పెట్టెలో పెట్టి తాళం వేస్తాడు. "అర్థమైందా వదినగారూ?"

"నేనేమన్నా చంటిపిల్లనా" అన్నాను.

నా సంచిలో నాలుగు కమలాపళ్ళు ఉన్నాయి. దారిలో కొనిపించుకున్నాను. శనివారం నాకు ఉపవాసం. స్వామికి పెట్టి పండు తప్ప ఇంకేమీ తినను. ట్రక్కు పెట్టెలో మాంసం డబ్బాలున్నాయి. వాటి పక్కన రాత్రంతా పడున్న పండు దేవుడికి ఎలా పెడతాను? పళ్ళు చీరలో చుట్టి, సంచిలో అడుక్కి పెట్టి, సంచి టెంటులో నా తలవైపు పెట్టుకున్నాను. ఆ టెంటులో నాతో పడుకునేది ఆమే. ఆమెకు చెప్పలేదు.

అక్కడ అది చలికాలం, తెల్లారాక కూడా చలి బాగా ఉంది. అందరూ టిఫిన్లు చేసి అంట్ల దగ్గర ఉన్నారు. నేను ముఖం కడుక్కుంటున్నాను. ఆమె స్వెట్టరు కోసమని టెంటులోకి వెళ్ళింది. డ్రైవరు ఉన్నట్టుండి చెయ్యి పైకెత్తాడు, అందరూ కదలకుండా ఆగిపోయారు. పెద్ద మగ ఏనుగు చెట్లలోంచి వస్తోంది. అంత జంతువు నడుస్తుంటే అడుగుల చప్పుడే లేదు. తెలిసిన ఇంటికి వచ్చినట్టు తిన్నగా మా టెంటు దగ్గరికే వచ్చింది. తొండం లోపల పెట్టింది. టెంటు ఊచలు అప్పడాల్లా విరిగాయి. గుడ్డంతా ఆమె మీద కూలింది. లోపల్నుంచి చిన్న మూలుగు కూడా రాలేదు. ఏనుగు నా సంచి లాగి, చీర దులిపి, పళ్ళు తిని, ఎంత తీరిగ్గా వచ్చిందో అంత తీరిగ్గా వెళ్ళిపోయింది. అప్పుడు ఆమె చేతులూ మోకాళ్ళ మీద పాకుతూ బయటికి వచ్చింది. జుట్టు విడిపోయి ఉంది. కళ్ళజోడు పగలకుండా గుప్పిట్లో పట్టుకుని ఉంది.

డ్రైవరు కోపంగా ఏదో అడిగాడు. అల్లుడు నావైపు తిరిగి, "అత్తయ్యగారూ, సంచి మీది కదా. పెట్టొద్దని కాయితంలో ఉంది కదా" అన్నాడు. చుట్టూ అంతమంది. నా కూతురు నన్ను చూస్తోంది.

"నాకు చదువు రాదు బాబూ. ఆ కాయితంలో ఏముందో నాకెవరూ చెప్పలేదు" అన్నాను.

అల్లుడు తల్లి వైపు తిరిగాడు. "చదివి చెప్పమన్నాను కదమ్మా నీకు."

ఆమె నా ముఖంలోకి ఒక్కసారి చూసింది. కళ్ళజోడు పెట్టుకుంది. "మర్చిపోయాన్రా" అంది.

ఆ రోజు మధ్యాహ్నం నా దగ్గరికి రెండు అరటిపళ్ళు తెచ్చింది. డ్రైవరుతో మాట్లాడి, నా పళ్ళకని ముందు సీటు కింద వేరే డబ్బా పెట్టించిందట. మాంసం దానికి దగ్గర్లో కూడా ఉండదట. అంత తేలికైన పని. అడిగితే అయిపోయేది. "శనివారం కదా, పొద్దుట్నుంచి ఏం తిన్నారు మీరు" అంది. నేను పళ్ళు అందుకున్నాను. తిన్నాను కూడా.

మర్నాడే ఆమె నది. దగ్గర్లో ఉన్న ఊరు దాటి ఎగువకి వెళ్ళి, అక్కణ్ణుంచి చిన్న చిన్న పడవల్లో పాయల మీద వెళ్ళి, లోపల లంకలో రెండు రాత్రులు టెంట్లు వేసుకోవాలి. మతిమరుపు మనిషిని అడవిలోకి తీసుకెళ్ళలేనని అల్లుడు పట్టుబట్టాడు. ఆమెతోపాటు తనూ ఊళ్ళోనే ఉండిపోయాడు. నేను, నా కూతురు, మనవరాలు పడవ ఎక్కాం. నేను తిరిగొచ్చాక నీళ్ళెలా ఉన్నాయని ఆమె అడిగింది. ఏముంది, నీళ్ళే అన్నాను.

ఒక్క మాటతో పోయిందనుకున్నాను. పోలేదు. ఇక్కడికి తిరిగొచ్చాక డాక్టరుకి చూపించారు. పరీక్షల్లో ఏమీ లేదన్నారు, అయినా కొడుకు భయం తీరలేదు. ఆమె ఒక్కతీ స్టవ్ వెలిగించకూడదన్నారు. ఒక్కతీ పార్కుకి వెళ్ళకూడదన్నారు. తాళాలు తీసుకున్నారు. ఎవరైనా కళ్ళజోడు ఎక్కడో పెట్టి మర్చిపోయినా, మనవరాలు "నానమ్మలాగా ఫర్గెట్ చేసింది" అనేది. ఆ పిల్లకేం తెలుసు. ఆ ఇంట్లో ఏ వస్తువు ఎక్కడుందో, ఎవరి మందు ఎన్నింటికో, ఎవరి పుట్టినరోజు ఏ తిథో అన్నీ గుర్తున్నది ఆమె ఒక్కతికే. నాకూ తెలుసు. పక్కగదిలో ఉండి అంతా చూస్తూ ఊరుకున్నాను.

ఒక్కసారి నోరు విప్పబోయాను. పెరట్లో ఇద్దరమే ఉన్నాం. "వదినగారూ, ఆ పళ్ళ సంగతి అల్లుడికి చెప్పేస్తాను" అన్నాను.

"వద్దు. సిరా ఆరిపోయింది. ఇప్పుడు గీకితే గుడ్డ చిరుగుతుంది" అంది. ఆ తర్వాత నెమ్మదిగా, "వాడు నన్ను ఎంత కసిరినా నా కొడుకే. మీరు అల్లుడి ఇంట్లో ఉంటున్నారు. మీరు మాట పడకూడదు" అంది.

నేను ఎందుకు అబద్ధమాడానో నాకంటే ముందు ఆమెకే తెలుసు. ఆ అంట్ల తొట్ల పక్కన, నా ముఖం చూసిన ఆ ఒక్క క్షణంలోనే తెలుసు. నేను ఆమె మాట పట్టుకుని, హమ్మయ్య అనుకుని, మళ్ళీ నోరు మూసుకున్నాను. ఆమె వద్దంది కదా అని ఇన్నేళ్ళూ నాకు నేను చెప్పుకున్నాను. వద్దన్నది ఆమె గొప్పతనం. సరేనన్నది నా నీచం.

పోయినేడు, ఇక్కడ పగలంతా చూసుకునేవాళ్ళు లేరని ఆమెను బాతెల్‌లో కూతురి దగ్గరికి పంపారు. నేనున్నాను కదా ఇంట్లో పగలంతా. నేను చూసుకుంటానని ఒక్క మాట అనలేదు. కారెక్కే ముందు ఆమె నా మందుసీసాలన్నిటికీ రంగుదారాలు కట్టి ఇచ్చింది. పొద్దున వేసుకునేదానికి ఎరుపు, పడుకునే ముందుదానికి నీలం.

పదకొండో రోజున టీవీలో ఫోటోలు వేశారు. ఎడారిలో పళ్ళేలు ఊపుతున్న ఫోటో వచ్చింది. అల్లుడు కళ్ళు తుడుచుకుంటూ ఏనుగు కథ చెప్పాడు. అందరూ నవ్వారు. వడ్డించమని ఎవరో నా చేతికి గరిటె ఇస్తే వడ్డిస్తూ ఉండిపోయాను. ఆమె తన తరఫున తను చెప్పుకునే వీలు ఇక లేదని అప్పుడు తెలిసింది నాకు. ఇన్నాళ్ళూ చెప్పుకోగలిగి ఉండీ ఆమె చెప్పలేదు.

పత్రికలో చూసి తెలుసుకోవడం అల్లుడికి అవమానం. అందుకని ఇది రాయించే ముందు అతనికే చెప్పాను. ఆదివారం పొద్దున బట్టలు మడత పెడుతున్నాడు. "పళ్ళు నావి. మీ అమ్మ ఆ కాయితం చదివింది. రెండుసార్లు చదివింది. ఏదీ మర్చిపోలేదు" అన్నాను. ఇల్లు ఖాళీ చెయ్యమన్నా చేస్తానని కూడా అన్నాను.

అతను అరవలేదు. మడత పెడుతున్న చొక్కా ఒళ్ళో అలాగే పెట్టుకుని కూర్చున్నాడు. నాతో కాదన్నట్టు, కిటికీ వైపు చూస్తూ చెప్పాడు.

"మీరంతా పడవల్లో వెళ్ళిన రోజు అమ్మ మీద అరిచానండీ. నీ మూలంగా పిల్లలకి ఏమన్నా అయ్యుంటే అని. అమ్మ, ఈ నది ఊళ్ళోకి వస్తుందా అని అడిగింది. టాక్సీలో వంతెన దాకా తీసుకెళ్ళాను. ఆ ఏడు వరద ఊరిదాకా రాలేదట. కింద అంతా ఇసుకే. పోదాం పదమ్మా, ఇక్కడేం లేదు అన్నాను. అమ్మ చెప్పులు విప్పి నా చేతికిచ్చి, గట్టు దిగి వెళ్ళింది. నది మధ్యలోకి నడుచుకుంటూ వెళ్ళి, అక్కడ నిలబడింది. ఎవరివో గాడిదలు అమ్మను దాటుకుని అవతలి గట్టుకి వెళ్ళిపోయాయి. నేను రమ్మని పిలుస్తున్నాను. అమ్మ నీళ్ళు రావాల్సిన వైపు తిరిగి, చీర కుచ్చెళ్ళు కొంచెం పైకెత్తి పట్టుకుని, అలాగే నిలబడి ఉంది."